కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి ట్రాన్స్‌ఫర్ కావాలంటే

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) జూనియర్‌గా, అంటే మూడో ఏడాదిలో చేరడానికి 60 సెమిస్టర్ యూనిట్లు (క్రెడిట్లు) కావాలి. కానీ చాలామందిని దెబ్బతీసేది మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) కావాల్సిన కోర్సులు మిగిలిపోవడం. మొదటి సెమిస్టర్‌లోనే అసిస్ట్ వెబ్‌సైట్‌లో మీ కాలేజీ, చేరాలనుకుంటున్న క్యాంపస్, మేజర్ ఎంచుకుని మీ కాలేజీలోని ఏ కోర్సు యూసీలోని ఏ కోర్సుకి సరిపోతుందో చూసుకోండి. కాలిక్యులస్ లాంటి వరుస కోర్సులను ఒకే కాలేజీలో పూర్తిచేయడం మేలు. సిలబస్‌ను ఒక్కో కాలేజీ ఒక్కోలా విడగొడుతుంది, మధ్యలో మారితే కొన్ని పాఠాలు తప్పిపోతాయి.

అర్హులకు ఆరు యూసీ క్యాంపస్‌లు ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) పేరుతో సీటు హామీ ఇస్తాయి. దీనికి సెప్టెంబర్‌లో, ఒక్క క్యాంపస్‌కే దరఖాస్తు పెట్టాలి. తర్వాత అసలు యూసీ అప్లికేషన్ విడిగా పంపకపోతే ఆ హామీ చెల్లదు. అందులో ఎఫ్ (ఫెయిల్), డబ్ల్యూ (మధ్యలో మానేయడం) వచ్చిన కోర్సులూ దాచకుండా రాయండి. జనవరిలో గ్రేడ్లు అప్‌డేట్ చేయండి.

సీటొస్తే జూన్ 1లోపు అంగీకారం, జూలై 1లోపు ఫైనల్ ట్రాన్స్‌క్రిప్టులు. ఈలోగా కోర్సు మానేస్తే వెంటనే అడ్మిషన్స్ ఆఫీసుకి చెప్పండి.