మోనే పద్ధతిలో థేమ్స్ నది వేయాలంటే

లండన్‌లో థేమ్స్ మీదున్న వాటర్లూ బ్రిడ్జిని ఫ్రెంచి చిత్రకారుడు మోనే బోలెడన్నిసార్లు వేశాడు, 1899, 1900, 1901 మూడేళ్లూ వెళ్లి, సవాయ్ హోటల్ కిటికీలోంచి చూస్తూ. మీరూ అలాంటిదొకటి వేయాలనుకుంటే ముందు నల్లరంగు ట్యూబు పక్కన పడేయండి. నీడలకి అల్ట్రామెరైన్ నీలంలో కొంచెం అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు కలిపితే వచ్చే ఊదా చాలు.

కాన్వాస్‌కి పల్చగా బూడిదరంగు పూసి ఆరనివ్వండి. వంతెన కమానులు లెక్కపెట్టి పెన్సిల్‌తో గీయక్కర్లేదు. కళ్లు సగం మూసి చూస్తే ఏది ముదురు, ఏది లేత అన్నది తప్ప మిగతాదంతా మాయమవుతుంది, దాన్నే నాలుగైదు పెద్ద మచ్చలుగా వేసేయండి. అవతలి ఒడ్డున ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఆకాశం కంటే రవ్వంత ముదురుగా ఉంటే చాలు, రంగు తడిగా ఉన్నప్పుడే పొడి బ్రష్‌తో అంచులు చెరిపితే పొగమంచు దానంతటదే వస్తుంది.

అసలు పనంతా నీళ్లలోనే. అడ్డంగా పొట్టి గీతలు వేయండి, దగ్గరివి వెడల్పుగా, దూరానివి సన్నగా. ఎండ తగిలే చోట నారింజని నీలం పక్కన పెట్టి వదిలేయాలి, రుద్దారా బురదే. గీత గీతకీ బ్రష్ తుడుచుకోవడం విసుగే, కానీ తప్పదు.

వెలుగు మారితే అదే బొమ్మని దిద్దకుండా ఇంకో కాన్వాస్ తీయండి, మోనే చేసిందీ అదే. ఒక్కరోజులో ముగించాలన్న టెన్షన్ వద్దు: ఆయన వీటిని ఫ్రాన్స్‌లో జివెర్నీ ఇంటికి తీసుకెళ్లి దిద్దుకుంటూ కూర్చుని, 1904లో గానీ పారిస్‌లో ప్రదర్శనకి పెట్టలేదు.