సైకిల్ పాఠాలు – 2: ముందు పెడళ్లు విప్పేయండి

గత పాఠంలో మన ఎత్తుకు సరిపడే సైకిల్ చూసుకున్నాం. గాలి, బ్రేకులు, చైను సరిచూసుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠానికి కావలసినవి 15 నంబరు పానా, బళ్లు తిరగని ఖాళీ స్థలం. మొదటి పని రెండు పెడళ్లూ విప్పి పక్కన పెట్టడం.

మా ఆదివారం క్లాసులో ఈ మాట అనగానే పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెడళ్లు లేకుండా సైకిలేంటని. నిజానికి సైకిల్ రానివాళ్లకు రానిది తొక్కడం కాదు, పడకుండా నిలబెట్టుకోవడం. అది వచ్చాక తొక్కడం ఎంతసేపో పట్టదు. రెండూ ఒకేసారి నేర్చుకోబోతే చూపు కాళ్ల మీదికి పోతుంది, చేతులు బిగుసుకుపోతాయి, బండి పక్కకి ఒరుగుతుంది.

విప్పేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమదానికి తిరగేసిన మర ఉంటుంది. పానాను పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగండి, ఎటుదైనా వదులవుతుంది. బిగించేటప్పుడు ముందు చక్రం వైపు. తుప్పు పట్టి కదలకపోతే బలవంతం చేయొద్దు, మర పోతుంది. సైకిల్ షాపతనికి ఇవ్వండి.

తర్వాత సీటు. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేంత కిందికి దించాలి. పెద్దవాళ్లకు ఇది కాస్త నామోషీగా ఉంటుంది, పిల్లల బండి ఎక్కినట్టు. కానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు కాలు ఆనుతుందన్న ధైర్యం లేకపోతే నడుమూ భుజాలూ వదులవవు. వెనకటి తరం వాళ్లు తమకంటే పెద్ద సైకిల్ ఫ్రేములోంచి కాలు దూర్చి నేర్చుకున్నారు నిజమే, వేరే దారి లేక. మనకు ఆ అవసరం లేదు.

ఇంకా ఎక్కకండి. ముందు సైకిల్‌కి ఎడమ పక్కన నిలబడి, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని నడవండి. మన దగ్గర అమ్మే సైకిళ్లలో సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. మీ బండిది ఏది దేనిదో నొక్కి చూసుకోండి. ముందుది ఒక్కటే గట్టిగా పట్టేస్తే వెనక చక్రం పైకి లేవొచ్చు. వెనకది ఒక్కటే పడితే బండి ఆగడానికి దూరం ఎక్కువ పడుతుంది, మట్టిలో జారుతుంది కూడా. రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి పెంచుతూ నొక్కాలి. నేల మీద సుద్దతో ఒక గీత గీసి, నడుస్తూ వచ్చి సరిగ్గా దాని దగ్గర ఆపండి. బాగా అలవాటయ్యేదాకా చేయండి. ఆపడం వచ్చినవాళ్లకు సగం టెన్షన్ ఇక్కడే పోతుంది.

ఇప్పుడు కూర్చోండి. మొదట కూర్చునే నడవండి. తర్వాత రెండు పాదాలతో నేలను వెనక్కి తన్ని కాళ్లు కొంచెం పైకెత్తండి. బండి ఒక క్షణం దానంతట అది పోతుంది, ఎటో ఒకవైపు ఒరుగుతుంది. అసలు పాఠం అక్కడే ఉంది. ఎడమకు ఒరిగితే హ్యాండిల్ ఎడమకు, కుడికి ఒరిగితే కుడికి, కొద్దిగా తిప్పాలి. భయం దీనికి సరిగ్గా ఉల్టా చేయమంటుంది. అరచేతిలో కర్ర నిలబెట్టేటప్పుడు అది ఎటు వాలితే చెయ్యి అటు జరుపుతాం కదా, ఇక్కడ చక్రాలు చేసే పని అదే.

చక్రాలు తిరుగుతున్నాయి కాబట్టే సైకిల్ నిలబడుతుందని చాలామంది అనుకుంటారు. 2011లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ తిరుగుడు ప్రభావం లేకుండా ఉండేందుకు, చక్రాలకు వ్యతిరేక దిశలో తిరిగే అదనపు చక్రాలు బిగించి ఒక బండి తయారుచేశారు. తగినంత వేగంతో తోసి వదిలితే అది మనిషి లేకుండానే పడకుండా పోయింది, పడబోయే వైపుకి తనే తిరుగుతూ. అంటే కొంచెం వేగం ఉంటే సగం పని బండే చేసుకుంటుంది. మరీ మెల్లగా పోతే అంతా మన మీద పడుతుంది. అందుకే భయపడేవాళ్లను నేను ఇంకొంచెం గట్టిగా తన్నమంటాను. కొద్దిపాటి వాలు ఉన్న చోటు దొరికితే ఇంకా మంచిది.

చూపు ముందు చక్రం మీద కాదు, దూరంగా ఉండాలి.

వెనక పట్టుకునేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. భార్యకు నేర్పే భర్తలు, పిల్లలకు నేర్పే నాన్నలు హ్యాండిల్ పట్టుకుంటారు. వాళ్లు పట్టుకున్నంతసేపూ బ్యాలెన్స్ చేసేది వాళ్లే. తప్పదనుకుంటే వీపు మీద తేలిగ్గా చెయ్యి ఆనించండి, అంతవరకే. పిల్లల సైకిళ్లకు పక్కన బిగించే చిన్న చక్రాలతోనూ ఇదే చిక్కు. బండి ఒరగనే ఒరగదు కాబట్టి, ఒరిగినప్పుడు ఏం చేయాలో పిల్లలకు తెలియదు. తీసేయండి.

ఈ వయసులో మాకేం వస్తుందని క్లాసుకి రానివాళ్లు ఉంటారు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు సైకిల్ కూడా నేర్పారు. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ దానికి గట్టిగా నిలబడ్డారు. పొలం కూలీలు, క్వారీ పనివాళ్లు, నర్సులు, వేల సంఖ్యలో ఆడవాళ్లు నేర్చుకున్నారు. ఆడవాళ్ల సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్లవే తొక్కారు. ముందు బార్ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని అవే మేలన్నవాళ్లూ ఉన్నారట.

బట్టల గురించి కాస్త. చైను కుడివైపు ఉంటుంది, ప్యాంటు కుడికాలు మడిచి రబ్బరు బ్యాండు వేయండి. చున్నీని భుజం మీంచి అడ్డంగా తెచ్చి నడుముకు ముడివేయండి. హెల్మెట్ నుదుటి మీదికి రావాలి, వెనక్కి వాలి ఉంటే లాభం లేదు.

కాళ్లు ఎత్తి ఒక పది మీటర్లు పోగలిగి, మలుపు తిప్పి, చెప్పులు ఈడ్చకుండా బ్రేకుతో ఆపగలిగితే ఈ పాఠం అయినట్టే. కొందరికి ఒక్క ఉదయంలో వస్తుంది, కొందరికి వారాలు పడుతుంది. అరగంట చేసి ఆపేయండి, అలిసిన కాళ్లు నేర్చుకోవు. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా అని ఇప్పుడే వెళ్లకండి. అక్కడ వేగంగా వచ్చేవాళ్లుంటారు, వాళ్లకూ మీకూ ఇబ్బంది.

వచ్చే పాఠంలో పెడళ్లు బిగించి, సీటు రెండు వేళ్లంత పైకి లేపుతాం. అప్పటిదాకా రోడ్డు మీదికి వద్దు, ఇంటి ముందు సందులోకి కూడా.