సంక్రాంతి సెలవుల్లో రాతి గుండ్లు ఎక్కబోతున్నారా? ముందు దిగే దారి చూడండి

పోయిన వారం మా వైపు కుర్రాడొకడు మన్యంలో రాతి గుండు మీంచి దూకి రెండు మడమలూ విరగ్గొట్టుకున్నాడు. ఎక్కేటప్పుడు జారలేదు. చకచకా ఎక్కేశాడు, పైన నిలబడి ఫొటోలు తీయించుకున్నాడు. తీరా దిగుదామని వంగి చూస్తే కాలు పెట్టే చోటు కనబడలేదు. కిందున్న స్నేహితులు "దూకెయ్, ఏం కాదు" అన్నారు. దూకాడు.

సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చే పిల్లల్లో కొందరికి అక్కడి క్లైంబింగ్ జిమ్ములు బాగా అలవాటు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి, ఆ మర్నాడు ఊళ్ళో స్నేహితుల్ని వెంటేసుకుని రంపచోడవరం, మారేడుమిల్లి వైపు బయల్దేరతారు. మన గోదావరి డెల్టాలో ఎక్కడానికి రాయి లేదు, అంతా ఒండ్రే. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. నీళ్ళు, బిస్కెట్లు, టోపీల సంగతి మీకు తెలుసు, వదిలేస్తున్నాను.

దిగే దారి

ఇలా రాతి గుండ్లు ఎక్కడాన్ని బౌల్డరింగ్ అంటారు. ఇందులో తాడు ఉండదు. పట్టు తప్పితే నేలే. నేను చూసిన పెద్ద దెబ్బల్లో ఎక్కువ భాగం కష్టమైన ఎక్కుడులో తగిలినవి కావు, ఎక్కడం అయిపోయాక తగిలినవి. కారణం ఒక్కటే. ఎక్కే ముందు దిగే దారి చూడకపోవడం.

ఎక్కేటప్పుడు పట్టు కళ్ళ ముందుంటుంది. దిగేటప్పుడు కాలి కింద ఏముందో మన పొట్టే అడ్డమొచ్చి కనబడనివ్వదు. దింపులు తీసేవాళ్ళు కొబ్బరిచెట్టు ఎలా ఎక్కుతారో అలాగే దిగుతారు, ఎందుకంటే చెట్టు పొడుగునా ఒకే తీరుగా ఉంటుంది. రాయి అలా ఉండదు. ఎక్కిన వైపు నుంచే దిగొచ్చన్న నమ్మకం పెట్టుకోకండి.

అందుకని గుండు చుట్టూ ఒకసారి పూర్తిగా తిరగండి. వెనక వాలుగా ఉందా, చెట్టు ఆనుకుని ఉందా, మెట్టులా పక్క రాయి ఉందా చూడండి. ఆ దారినే ముందు పైకి ఎక్కి, ఆ దారినే దిగి రండి. అలా దిగగలిగాకే అసలు వైపు ఎక్కడం మొదలుపెట్టండి. దిగే దారి దొరకలేదా, ఆ గుండు వదిలేయండి. ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

మనవాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. చిన్నప్పటి నుంచి కాలవగట్ల మీంచి, లాకుల మీంచి నీళ్ళలోకి, బురదలోకి దూకి పెరిగాం. ఒండ్రు నేల మెత్తగా లోపలికి దిగి మన బరువు తీసుకుంటుంది. మన్యంలో గుండ్ల కింది నేల తీసుకోదు. నాలుగు మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలను తాకే వేగం గంటకు దాదాపు 32 కిలోమీటర్లు. ఆ దెబ్బంతా మడమలు, మోకాళ్ళు, నడుము తీసుకోవాలి.

కింద పరిచేవి, కింద నిలబడేవాళ్ళు

క్రాష్ ప్యాడ్ (పడితే దెబ్బ తగ్గించేలా కింద వేసే మందపాటి ఫోమ్ పరుపు) లేకుండా మనిషి ఎత్తు దాటకండి. ఇంట్లో దూది పరుపులు, కొబ్బరిపీచు పరుపులు దానికి బదులు కావు. దూది అణిగిపోయి నేల తగులుతుంది, పీచు పరుపు గట్టిగా ఎదురు తంతుంది. కోతలయ్యాక ఎండుగడ్డి దండిగా దొరుకుతుంది కదా అని పరిచేవాళ్ళూ ఉన్నారు. గడ్డి కింద రాళ్ళను దాచేస్తుంది, అంతకు మించి చేసేదేమీ లేదు. రెండు ప్యాడ్లు వేస్తే మధ్యలో సందు ఉండకూడదు, చీలమండ మెలిపడేది అక్కడే.

కింద నిలబడే స్పాటర్ పని పడేవాణ్ణి ఎత్తుకోవడం కాదు, తలా నడుమూ రాయికి కొట్టుకోకుండా వాణ్ణి ప్యాడ్ మీదకు మళ్ళించడం. బొటనవేళ్ళు మిగతా వేళ్ళకు ఆనించి పెట్టుకోవాలి, లేకపోతే విరుగుతాయి. ఫోన్ జేబులో ఉండాలి. వీడియో తీసేవాడు స్పాటర్ కాడు.

రాయి

జిమ్ముల్లో కింద గోడ నుంచి గోడ దాకా మెత్తటి పరుపు ఉంటుంది, పట్లు బోల్టులతో బిగించి ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు. హైదరాబాదు గుండ్లు గట్టి గ్రానైట్. మన తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి ఎక్కువ. అది ఎండకూ వానకూ పైపైన మెత్తబడి పెళ్ళలుగా ఊడొస్తుంది. పట్టుకునే ముందు అరచేత్తో తట్టండి. డొల్లగా మోగితే ముట్టుకోకండి. జనవరిలో మన్యంలో మంచు బాగా కురుస్తుంది. పొద్దెక్కి రాయి ఆరేదాకా ఆగాలి, నీడ వైపు మధ్యాహ్నమైనా తడిగానే ఉండొచ్చు.

ఇక మిగతావి వరసగా చెబుతాను.

పాత క్వారీ గోడలు ఎక్కొద్దు. పేలుళ్ళకు లోపల పగిలి ఉంటాయి.

పసుపు కుంకుమ పెట్టిన రాయి ఎక్కొద్దు. అది అక్కడివాళ్ళ దేవుడు. ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి వెళ్ళండి.

కోరుకొండ గుడి కొండ మీదా, గుంటుపల్లి బౌద్ధ గుహల దగ్గరా రాళ్ళు ఎక్కొద్దు. పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు. అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు.

తేనెపట్టు కనబడితే వెనక్కి తిరగండి. రాయి విసరొద్దు, పొగ పెట్టొద్దు.

చూడకుండా సందులో చెయ్యి పెట్టొద్దు. పాము కరిస్తే తాడుతో బిగించి కట్టు కట్టొద్దు, కాటు దగ్గర కొయ్యొద్దు, కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఉంగరాలు తీసేయండి. పట్టు జారితే ఉంగరం వేలి చర్మాన్ని ఒలిచేస్తుంది.

మందు తాగినవాడు ఎక్కకూడదు, కింద నిలబడకూడదు, బండి నడపకూడదు.

వాగుల్లోని గుండ్ల జోలికి పోవద్దు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో వైద్య విద్యార్థులు కొట్టుకుపోయారు. పైన ఎక్కడో వాన పడితే కింద మీకు తెలియదు.

ఒంటరిగా వెళ్ళొద్దు. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఏ గుండు దగ్గరికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టి వెళ్ళండి.

దిగే దారి చూశారా? మళ్ళీ అడుగుతున్నాను. చూడకపోతే ఎక్కొద్దు.

పడినవాణ్ణి లేపి నడిపించొద్దు. బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకురావద్దు. సిగ్నల్ దొరికే చోటికి ఒకర్ని పంపి 108కి ఫోన్ చేయించండి. అటువైపు దగ్గర్లో పెద్ద ఆసుపత్రి రంపచోడవరంలో ఉంది. ఎత్తు నుంచి దూకి మడమ విరిగినవాళ్ళలో కొందరికి వెన్నుపూస కూడా చిట్లుతుంది. మడమ నొప్పిలో అది తెలియదు. కాబట్టి కాలితో పాటు నడుముకూ ఎక్స్‌రే తీయమని డాక్టరుగారిని మీరే అడగండి.