లైనక్స్‌లో బ్లూటూత్ హెడ్‌సెట్: మైక్ ఆన్ చేయగానే గొంతు మారిపోతుంటే

గుంటూరు బ్రాడీపేట హాస్టల్ గదుల్లోంచి లైనక్స్ లాప్‌టాప్‌తో ఆన్‌లైన్ ఇంటర్వ్యూలకు కూర్చునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. పాటలు హాయిగా వినిపించిన హెడ్‌సెట్, కాల్ మొదలవగానే పాత ల్యాండ్‌లైన్‌లా పలికితే అది పాడైందని కొత్తది కొనకండి.

పాటలు ఏ2డీపీ (A2DP) ప్రొఫైల్‌లో, అంటే బ్లూటూత్‌లో పాటలు వినడానికి ఉన్న పద్ధతిలో వస్తాయి. అందులో శబ్దం మన చెవికి రావడమే ఉంటుంది, హెడ్‌సెట్ మైక్ పనిచేయదు. కాల్ యాప్ మైక్ అడగగానే సిస్టమ్ హెచ్‌ఎఫ్‌పీకి (HFP, కాల్స్ కోసం ఉన్న ప్రొఫైల్) మారుతుంది. అక్కడ కోడెక్, అంటే శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి, సీవీఎస్‌డీ (CVSD) అయితే శబ్దానికి సెకనుకు 8,000 శాంపిళ్లే (కొలతలే), ఎంఎస్‌బీసీ (mSBC) అయితే 16,000. నాణ్యత పడిపోయేది అక్కడే.

అందుకని పావుకంట్రోల్ (pavucontrol) అనే సౌండ్ సెట్టింగుల యాప్ తెరిచి, కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ఏ2డీపీ ఎంచుకోండి. మైక్‌గా లాప్‌టాప్‌దే పెట్టండి, కాల్ యాప్‌లో కూడా. ఫ్యాన్ మోత ఎక్కువైతే మామూలు వైరు మైక్ ఇంకా మంచిది. అయినా ప్రొఫైల్ దానంతటదే మారిపోతుంటే, ఆ మార్పులు చూసుకునే వైర్‌ప్లంబర్ (WirePlumber) ప్రోగ్రామ్ సెట్టింగుల్లో ఆటోస్విచ్ ఆపేయండి. ఇంటర్వ్యూకి ముందురోజే చేసుకుంటే టెన్షన్ ఉండదు.

అప్పటికీ తేడాగా ఉంటే దయచేసి ఆ లోపాన్ని వివరిస్తూ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు బగ్ రిపోర్ట్ రాయండి. ఈ సాఫ్ట్‌వేర్‌ని నిలబెట్టేవాళ్లకు మీ హెడ్‌సెట్ చేతిలో ఉండదు కదా. కెర్నెల్ (లైనక్స్ మూలభాగం), బ్లూజెడ్ (BlueZ, బ్లూటూత్ చూసుకునేది), పైప్‌వైర్ (PipeWire, శబ్దం చూసుకునేది), వైర్‌ప్లంబర్ నాలుగింటి వెర్షన్లూ రాసి, బ్లూటూత్ సందేశాల్ని నమోదు చేసే బీటీమాన్ (btmon) కమాండ్‌తో తీసిన లాగ్ జతచేయండి. దాన్లో మీ పరికరాల అడ్రస్‌లు ఉంటాయి, అందరికీ కనబడేచోట పెట్టేముందు ఒకసారి చూసుకోండి.