స్మార్ట్ మిర్రర్‌లో అక్షరాలు మసకగా ఉంటే

స్మార్ట్ మిర్రర్ అంటే వెనక తెర పెట్టి, అక్షరాలు కనిపించేలా చేసిన అద్దం. మొదట ఆ తెర (ప్యానెల్) వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబర్‌తో దాని అసలు రిజల్యూషన్, అంటే అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలో వెతకండి. బెంగళూరు మారతహళ్లిలో మా హాల్లోని అద్దం వెనక ఉన్నది పాత ల్యాప్‌టాప్ ప్యానెల్, 1366×768. దానికి రాస్ప్‌బెర్రీ పై (అద్దాన్ని నడిపే చిన్న కంప్యూటర్) 1920×1080 బొమ్మ పంపితే, ఆ బొమ్మను ప్యానెల్‌కి అందించే కంట్రోలర్ బోర్డు దాన్ని కుదిస్తుంది, అక్షరాల అంచులు చెదురుతాయి. రాస్ప్‌బెర్రీ పై మెనూలోని స్క్రీన్ సెట్టింగుల్లో ప్యానెల్‌కి సరిపోయే రిజల్యూషన్ ఎంచుకోండి. అద్దం నిలువుగా ఉంటే ఓరియెంటేషన్ కూడా అక్కడే మార్చవచ్చు.

కరెంటు పోయి వచ్చాకే రిజల్యూషన్ పడిపోతుందా? కంట్రోలర్ బోర్డు మేలుకునేలోపే రాస్ప్‌బెర్రీ పై బూట్ అయి, స్క్రీన్ వివరాలు చదవలేకపోయి ఉండొచ్చు. బోర్డు వెలిగాకే రాస్ప్‌బెర్రీ పైని ఆన్ చేయండి. రాస్ప్‌బెర్రీ పై 4 అయితే కేబుల్‌ని పవర్ పోర్టు పక్కనున్న హెచ్‌డీఎంఐలోనే పెట్టండి.

బొమ్మ రెండుగా చీలినట్టు కనిపిస్తే మాత్రం సెట్టింగులతో కుస్తీ వద్దు. బోర్డులోని ప్రోగ్రామ్ మీ ప్యానెల్‌కి సరిపడేది కాకపోవచ్చు. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్డులో బోర్డు కొనేటప్పుడు ప్యానెల్ వెంట తీసుకెళ్లి, కౌంటర్ మీదే వెలిగించి చూపించమని గట్టిగా అడగండి.