డచ్‌లో పొడుగు మాటల్ని విడగొట్టి పలకడం ఎలా?

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్వీన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు డచ్ నేర్పమని అడిగితే, ముందు మునిసిపాలిటీ నుంచి వచ్చిన పన్ను బిల్లు తీసుకురమ్మంటాను. అందులో చెత్త పన్నుకి ‘ఆఫాల్‌స్తొఫెన్‌హెఫింగ్’ అని మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాట ఉంటుంది. దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు. పెన్సిల్ తీసుకుని కుడి చివర నుంచి మొదలుపెట్టండి.

చివరున్న ‘హెఫింగ్’ అంటే పన్ను. అసలు మాట అదే. చేతిసంచిలో సంచి ఎలాగో ఇక్కడ హెఫింగ్ అలాగ. ముందు ‘దె’ పెట్టాలా ‘హెత్’ పెట్టాలా (రెండూ ఇంగ్లీషు ‘the’ లాంటివే) అన్నది కూడా చివరి మాటే తేలుస్తుంది. హెఫింగ్‌కి దె కాబట్టి మొత్తానికీ దె. దానికి ఎడమన ‘స్తొఫెన్’, పదార్థాలు. ఇందులో చివరి ‘న్’ రాస్తారు గానీ చాలామంది పలకరు. ఇంకా ఎడమన ‘ఆఫాల్’, చెత్త. రెండు గీతలు గీస్తే పని అయిపోయింది.

విడగొట్టడం కుడి నుంచి, ఒత్తు మాత్రం ఎడమన. మొదటి ‘ఆ’ని గట్టిగా, కాస్త ఎత్తులో పలికి, మిగతా ఐదు సిలబుల్స్‌ని తేలిగ్గా వదిలేయాలి. తెలుగులో మనం అన్నిటికీ దాదాపు ఒకే బరువిస్తాం. డచ్‌లో అలా పలికితే ఎదుటివాళ్ళు మళ్ళీ చెప్పమంటారు. మొదటి సిలబుల్ దగ్గర చప్పట్లు కొడుతూ సాధన చేయండి, మొహమాటపడకండి. ‘స్తాత్‌హౌస్’ (టౌన్‌హాల్) లాంటి కొన్నిటికి ఒత్తు రెండో ముక్క మీద పడుతుంది. వాటిని కంఠతా పట్టాల్సిందే.

నాకు బాగా ఇష్టమైన సంగతి అతుకు దగ్గరుంది. జాక్ అంటే జేబు, దూక్ అంటే గుడ్డ. రెండూ కలిస్తే చేతిరుమాలు. రాసేది ‘జాక్‌దూక్’, పలికేది ‘జాగ్‌దూక్’. వాక్కు, దానం కలిసి వాగ్దానం అయినట్టే! చిన్నప్పుడు చదివిన సంధి ఇక్కడ అక్కరకొస్తుంది.

అయితే అతుకు తర్వాత అచ్చు వస్తే ఆ అలవాటు పనికిరాదు. ‘ఆవొంద్’ అంటే సాయంత్రం, ‘ఏతె’ తిండి. రాత్రి భోజనాన్ని ‘ఆవొందేతె’ అనకూడదు, ‘ఆవొంతేతె’ అనాలి. మాట అయిపోయిన చోట డచ్‌లో ‘ద్’ ‘త్’ అయిపోతుంది, పక్కన ఇంకో మాట అతికినా సరే. అదే ‘సాయంత్రాలు’ అనేటప్పుడు అతుకు లేదు కాబట్టి ‘ఆవొందె’లో ద అలాగే ఉంటుంది. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి పైకి చదివి చూడండి.