అలెన్ కీ లేకుండా ఫ్లాయిడ్ రోజ్ నట్ బిగించడం: నా అనుభవం

ఫ్లాయిడ్ రోజ్ అంటే ఎలక్ట్రిక్ గిటార్‌లో, చేతి బార్‌తో శ్రుతిని పైకీ కిందికీ ఊపే బ్రిడ్జి వ్యవస్థ. దాని లాకింగ్ నట్‌కు (మెడ చివర తీగలను కదలకుండా బిగించి పట్టే భాగం) మూడు క్లాంపులు, ఒక్కో దాని కింద రెండు తీగలు. బిగించడానికి 3 మి.మీ. అలెన్ కీ (ఆరు పలకల చిన్న రెంచి) కావాలి. స్టేజీ మీద కనపడకుండా పోయేదీ అదే! పరిష్కారం: మూడు స్క్రూలూ తీసేసి, చేత్తో తిప్పే తల ఉన్నవి పెట్టడం.

పాత స్క్రూ ఒకటి దుకాణానికి తీసుకెళ్లి థ్రెడ్, పొడవు రెండూ సరిపోల్చుకోవాలి. కొత్తది పొడవెక్కువైతే అడుగుకు తగిలి ఆగిపోతుంది, తీగ మాత్రం వదులుగానే ఉంటుంది. క్లాంపుల మధ్య దూరం దాదాపు 14 మి.మీ. కాబట్టి తల వెడల్పు 12 దాటకపోతే మేలు, లేదంటే పక్కదానికి రాసుకుంటుంది. నున్నటి తల వద్దు, గాట్లున్నదే పట్టు ఇస్తుంది.

ముందు తీగలు బాగా లాగి, ఫైన్ ట్యూనర్లు (బ్రిడ్జి మీద శ్రుతిని కొద్దికొద్దిగా సవరించే మరలు) మధ్యలో పెట్టి, శ్రుతి చేశాకే బిగించాలి. బిగించగానే శ్రుతి పెరిగిందా? నట్ వెనక తీగలను నొక్కిపట్టే అడ్డపట్టీని ఇంకాస్త దించండి, తీగలు నట్ మీద చదునుగా ఆనడం లేదన్నమాట. ఇక బ్రిడ్జికున్న చేతి బార్‌ను పూర్తిగా కిందికి నొక్కి వదిలి ట్యూనర్‌లో చూడండి. జారేది ఎక్కువగా మందపాటి తీగలే, వేళ్ల బలం చాలక. బార్‌తో మరీ మోటుగా వాయించేవాళ్లకు అలెన్ కీయే గతి.